డాక్టరమ్మ గారి కొలనుకి అవతలివైపు

“నమ్మేవాళ్లు ఎక్కడైనా కూర్చోండి. నమ్మనివాళ్లు మాత్రం దగ్గరికి జరగండి,” అన్నాడు సముద్రం, వేడి టీ గ్లాసుని ఒక అరచేతిలోంచి రెండో అరచేతిలోకి మార్చుకుంటూ.

టీ కొట్టు ముందు ఉన్నదే ముగ్గురు. ముగ్గురూ దగ్గరికి జరిగారు.

సముద్రం అనేది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఇళ్లలో ఈతకొలనులు వారానికోసారి శుభ్రం చేయడం ఆయన పని. నాలుగు బారలు ఈదితే అయిపోయే కొలను గురించైనా సరే, అవతలి ఒడ్డు కనపడనట్టే చెబుతాడు కాబట్టి టీ కొట్టు పెద్దమ్మ ఆ పేరు పెట్టింది. ఆవిడ వెటకారానికి పెడితే, ఆయన దాన్ని బిరుదులాగా పుచ్చుకున్నాడు. ఆ ముగ్గురిలో పెద్దమ్మ ఒకరు. మెడలో టేపు తియ్యకుండానే టీకి వచ్చేసే పక్క కొట్టు దర్జీ ఒకరు. మూడోవాడు మేస్త్రి, సముద్రానికి స్వయానా బావమరిది.

మేస్త్రి ఆ సాయంత్రం కథ వినడానికి రాలేదు. బావకి ఒక మాట చెప్పిపోదామని వచ్చాడు. డాక్టరమ్మ గారు కొలను పూడ్పించేస్తున్నారు, రేపు మంగళవారం నువ్వు రావక్కర్లేదు. ఇంతే మాట. “పంతొమ్మిదేళ్లుగా వస్తున్న మనిషికి నా నోటితో ఎలా చెప్పనయ్యా, నువ్వైతే సొంతవాడివి” అని ఆవిడ ఈ బరువు అతని నెత్తిన పెట్టింది. పైగా పూడ్చే పనీ అతనికే అప్పజెప్పింది. గోడైనా మాటైనా వంకర లేకుండా నిలబెట్టడం తప్ప మేస్త్రికి ఇంకోటి తెలీదు. అలాంటివాడికి పొద్దుట్నుంచీ ఈ ఒక్క మాట ఎక్కడ మొదలెట్టాలో తోచడం లేదు. ఎందుకంటే మిగతా ఇళ్లన్నీ ఏడాది కిందటే, నీళ్లలో తనంతట తాను తిరిగే యంత్రం పెట్టిన కంపెనీకి వెళ్లిపోయాయి. బావకి మిగిలింది ఈ ఒక్క కొలనే.

“బావా, నీతో ఒక మాట...”

“ఆగరా. నీ మాటెక్కడికీ పారిపోదు. ముందు నా ముక్కు సంగతి చెప్పనీ. కొలను నీళ్లన్నీ ఒకటే అనుకుంటారు మీరు. ఒకటి కాదు. వకీలు గారి నీళ్లకి తుప్పు వాసన, కవలపిల్లల ఇంటి నీళ్లకి ఒంటికి రాసుకునే నూనెల వాసన, మా డాక్టరమ్మ గారి నీళ్లకి అప్పుడే కోసిన దోసకాయ వాసన. నా కళ్లకి గంతలు కట్టి ఒక్క చుక్క ముక్కు దగ్గర పెట్టండి, ఎవరి నీళ్లో, ఎన్ని రోజుల కిందట క్లోరిన్ వేశారో చెప్పేస్తా.”

“నిన్న నా పాలు విరిగిపోతే ఆ వాసన పట్టలేకపోయావు,” అంది పెద్దమ్మ.

“పాలు నా శాఖ కాదు పెద్దమ్మా.”

మేస్త్రి మెల్లగా కాళ్లు బెంచీ కిందికి లాక్కున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. పొద్దుట్నుంచీ మోటారు పెట్టించి ఆ నీళ్లే తోడిస్తున్నాడు.

“సరే, అసలు సంగతికొస్తా. డాక్టరమ్మ గారి కొలనులో పంతొమ్మిదేళ్లుగా ఉన్నవి అవే నీళ్లు. కొలనులో నీళ్లు మారుస్తూ ఉంటారనుకుంటారు జనం. మార్చరు. తగ్గినన్ని పోసుకోవడం, ఉన్నవాటిని బాగుచేసుకోవడం, సంసారం లాగానే. మంగళవారం మంగళవారం వెళ్తానా, వలతో ఆకులు తీస్తా, గోడలకి బ్రష్ కొడతా, పొడుగు కర్రకి గొట్టం తగిలించి అడుగున నలుసు పీల్పిస్తా, ఫిల్టరు కడుగుతా, చివరికి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు మందేసి రంగు చూస్తా. లేత గులాబీ వస్తే నీళ్ల ఒంట్లో బాగున్నట్టు. ఒక మంగళవారం ఏ రంగొచ్చిందో తెలుసా? ఏ రంగూ రాలేదు. గొట్టంలో నీళ్లున్నట్టే కనపడలేదు, అంత తేట! తలెత్తి చూస్తే కొలను ఖాళీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరెత్తుకుపోయారా అని వంగి చెయ్యి పెడితే, తడి! నీళ్లెక్కడికీ పోలేదు. కనపడటం మానేశాయి, అంతే.”

“నా చెవిలో ఇంకా చోటుంది, ఇంకో పువ్వు పెట్టు,” అన్నాడు దర్జీ.

“నువ్వు నవ్వు. పావురం నవ్వలేదు. అది గాలే అనుకుని నేరుగా నీళ్లలోకి దూసుకుపోయి, అడుగు దాకా ఎగిరి, అటు మెట్ల దగ్గర పైకి తేలి, ఇవాళ గాలి ఇంత చల్లగా ఉందేంటి అన్నట్టు నా వంక చూసింది. మధ్యాహ్నం ఒక తెల్లమబ్బు మొహం చూసుకోవడానికి కిందికి దిగింది. చూసుకుని చూసుకుని వెళ్లడం మర్చిపోయింది. తడిసి బరువెక్కిపోతే నేనే వలతో తీసి గట్టు మీద ఆరేశాను. సాయంత్రానికి తేలికపడి, నాకో దండం పెట్టి వెళ్లిపోయింది.”

“మబ్బుని ఆరేస్తే ఇంకేం మిగులుతుంది నాయనా?”

“అందుకే కదా పెద్దమ్మా ఆ వారం వాన పడలేదు. తిడతారని మీకెవరికీ చెప్పలేదు.”

దర్జీ పొలమారి దగ్గాడు. మేస్త్రికీ నవ్వొచ్చింది గానీ సగంలో ఆగిపోయింది. “బావా, అది కాదు, డాక్టరమ్మ గారు...” అన్నాడు. సముద్రం అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ డాక్టరమ్మ గారి దగ్గరికే వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై మంగళవారం అడుగున పలకల మీద బ్రష్ కొడుతున్నా. పలకల సందుల్లో నలుసు పోయింది. కొడుతూనే ఉన్నా. పలకల మీద నీలం పోయింది. చెయ్యి ఊరుకోదు కదా, ఇంకా కొట్టా. పలకలు కూడా నీళ్లలాగే తేటపడిపోయాయి. వాటి కింద సిమెంటు, సిమెంటు కింద కంకర, కంకర కింద మన్ను, ఒకదాని తర్వాత ఒకటి తెర తొలగినట్టు తొలగిపోతున్నాయి. కింద చూస్తున్నానంటే పైన ఆకాశం చూస్తున్నట్టే ఉంది, అంత లోతు, అంత నిదానం. చిట్టచివర, భూమికి అవతలివైపు, ఇంకో కొలను. దాని గట్టు మీద తలకిందులుగా ఒక మనిషి. చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర బ్రష్. వాడూ తన అడుగు తోముతున్నాడు. ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం.”

పెద్దమ్మ గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగింది. పొయ్యి మీద నీళ్లు సన్నగా మరుగుతున్నాయి. ఆ కొలను కింద ఏముందో మేస్త్రికి బాగా తెలుసు. జానెడు కాంక్రీటు, దాని కింద పలుగు దిగని ఎర్రమట్టి. తెలిసి కూడా, ఆ ఎర్రమట్టి అద్దంలా తేటపడటం, దానికి అడుగున ఎక్కడో ఒక మనిషి తలెత్తి చూడటం అతనికి కనిపించాయి. కాసేపు తనెందుకొచ్చాడో మర్చిపోయాడు.

దర్జీ తేరుకున్నాడు. “ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి కదయ్యా?”

“రాత్రే! పాపం వాడి వెనకాల అన్నీ చుక్కలే. అందుకే చప్పుడు కాకుండా తోముతాడు, ఇంట్లోవాళ్లు లేస్తారని. వాడివైపు చందమామ ఒక్కోసారి మునిగి మునిగి నావైపు మిట్టమధ్యాహ్నం తేలేది. వలలో పడితే, పోనీలే అని మళ్లీ వదిలేసేవాణ్ణి. అంత దూరం మాట వినపడదు కదా, కర్ర మొదలుతో అడుగు మీద మూడుసార్లు తట్టాను, వచ్చానని. వాడూ మూడు తట్టాడు. పనయ్యాక రెండు తట్టాను, వెళ్తున్నానని. వాడూ రెండు తట్టాడు. అప్పట్నుంచీ ఇటు సగం నేను, అటు సగం వాడు. ఒక్క వారం తప్పలేదు. నాకు విషజ్వరమొచ్చి మంచం దిగని వారం కూడా కొలను మెరిసిపోతోందని డాక్టరమ్మ గారు ఫోన్ చేశారు. ఎవరు తోమారంటారు? వాడే. ఒక్కడే రెండువైపులా తోమాడు.”

ఆ వారం కర్ర పట్టింది మేస్త్రి. గొట్టం పట్టింది అక్క. ‘మీ బావకి చెప్పకు, తను లేకపోయినా పని జరిగిందంటే చిన్నబుచ్చుకుంటాడు’ అని అక్క ఒట్టేయించుకుంది. మేస్త్రి గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాడు.

“ఇంతకీ మనిషెలా ఉంటాడు?” అంది పెద్దమ్మ.

“నాలాగే ఉంటాడు. జుట్టు కొంచెం ఎక్కువ.”

“చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!” అంది కానీ, ఆవిడ గొంతులో ఎప్పటి పదును లేదు.

ఇంకో టీ అయింది. ఎండ బెంచీ దాటి అవతలి గోడెక్కింది. మేస్త్రి నోరు తెరిచినప్పుడల్లా కథ ఇంకో మలుపు తిరుగుతోంది. అవతలివాడు పంపిన ఆకులు ఇవతల తేలాయి, ఇవతల జారిన సబ్బు అవతల దొరికింది, ఇద్దరూ కలిసి తోమిన చోట భూమి పలచబడి పండిన ద్రాక్షలా వెలుగు చూపించింది.

“అయితే రేపు మంగళవారమే కదా,” అన్నాడు దర్జీ మెడలో టేపు సర్దుకుంటూ. “మమ్మల్నీ తీసుకెళ్లు. ఆ మహానుభావుణ్ణి మేమూ చూస్తాం.”

“నేనూ వస్తా. ఒక గంట కొట్టు మూస్తే కొంపేం మునగదు,” అంది పెద్దమ్మ.

సముద్రం ఖాళీ గ్లాసుని మళ్లీ నోటికి ఎత్తుకున్నాడు. పెద్దమ్మ కొట్టు పెట్టినప్పట్నుంచీ ఆయన కథని చూపించమని ఎవరైనా అడగడం ఇదే మొదలు.

“రేపు చూడ్డానికి నీళ్లుండవు,” అన్నాడు మేస్త్రి. ఇంతసేపూ ఆపుకున్న మాట ఒక్కసారిగా వచ్చేసింది. “పొద్దుట్నుంచీ తోడేస్తున్నాం బావా. రేపు మట్టి పోసి పూడ్చేస్తున్నాం. పూడ్చేది నేనే.”

దర్జీ నేల చూపులు చూశాడు.

“తెలుసురా,” అన్నాడు సముద్రం.

“ఎవరు చెప్పారు?”

“నీ ప్యాంటు చెప్పింది. నువ్వు సందు మలుపు తిరగ్గానే దోసకాయ వాసన కొట్టింది. ఆరు రోజుల కిందటి క్లోరిన్. నేను వేసిందే. నువ్వు చెప్పేస్తావని భయమేసి మాట్లాడుతూ కూర్చున్నా. నేను మాట్లాడుతున్నంతసేపూ అది పూడిపోలేదు కదా.” ఆయన గ్లాసు కింద పెట్టాడు. “ఎందుకట?”

“మనవరాలు కొత్తగా నడక నేర్చింది. మొన్న తలుపు తీసి ఉంటే తిన్నగా నడిచొచ్చి కొలనులో అడుగు వెయ్యబోయిందట. డాక్టరమ్మ గారు గబుక్కున పాప గౌను కొస పట్టుకుని వెనక్కి లాగారట. నీళ్లు మరీ తేటగా ఉన్నాయి బావా. అక్కడ నీళ్లున్నాయనే పాపకి తెలీలేదు.”

సముద్రం కింద పెట్టిన గ్లాసుని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. గర్వపడాలో ఏడవాలో ఆయనకే తెలియడం లేదని ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

“అంత తేటగా ఉన్నాయా?”

“అంత తేటగా ఉన్నాయి.”

“అయితే పూడ్చాల్సిందేలే,” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, ఎవరి దగ్గరా దాచుకోలేదు. “పూడ్చేముందు అడుగుకి కన్నాలు కొడతారు కదా?”

“కొట్టాలి బావా. లేకపోతే వాన నీళ్లు కిందికి దిగక మట్టంతా బురదైపోతుంది.”

“మరైతే సమ్మెట వేసేముందు రెండుసార్లు తట్టరా. అవతల వాడు పనిలో ఉంటాడు. తల పక్కకి తీసుకుంటాడు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి ఖాళీ కొలనులోకి దిగాడు. నీలం పలకల మీద ఇంకా తడి ఆరలేదు. సమ్మెటలు పట్టుకుని ఇద్దరు కూలీలు చూస్తున్నారు. అతను మోకాళ్ల మీద కూర్చుని సమ్మెట పిడితో అడుగు మీద రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు.

“ఏం వినపడుతోంది మేస్త్రీ?”

“ఏం లేదు. కాసేపు ఆగండి,” అన్నాడు. ఒక మనిషి తల పక్కకి తీసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆపాడు. తర్వాత కానివ్వమన్నాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర సముద్రం ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. కథ లేదు, కబురు లేదు. మంగళవారం పూట చేతులకి పని లేక రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దర్జీ తన గ్లాసు పట్టుకుని ఊరికే పక్కన కూర్చున్నాడు. మేస్త్రి కనుబొమ్మల దాకా దుమ్ముతో వచ్చి బెంచీకి అటు చివర కూలబడ్డాడు. పెద్దమ్మ అడక్కుండానే టీ ఇచ్చింది.

“తట్టావా?” అన్నాడు సముద్రం.

“తట్టాను.”

మేస్త్రి వేడి గ్లాసుని ఒక అరచేతిలోంచి రెండో అరచేతిలోకి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నమ్మకపోతే దగ్గరికి జరుగు బావా. రెండుసార్లు తట్టాను. చెవి పెట్టి విన్నాను. ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల్నుంచి తట్టాడు. రెండు కాదు. మూడు.”

“మూడంటే వచ్చాననే కదా?” అన్నాడు దర్జీ నెమ్మదిగా.

సముద్రం బావమరిది మొహంలోకి చూశాడు. దుమ్ము పట్టిన ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు.

“కోతలు కొయ్యడం నీకు చేతకాదురా,” అన్నాడు. “చూడు, చెవులెలా ఎర్రబడ్డాయో.”

మేస్త్రి తల దించుకున్నాడు.

సముద్రం బెంచీ మీద దగ్గరికి జరిగాడు.

“ఎన్నిసార్లన్నావు?”

“మూడు, బావా.”