మూడు మైళ్ళ వేరు

శనివారం మధ్యాహ్నం. పోస్టాఫీసు అరుగు మీద మా ఆడపడుచు ఎలోయిసా కాఫీ తాగుతోంది. మా అన్న కొడుకు ఫిదెన్సియో అరుగు ముందు నేను నాటిన పిన్యోన్ పైన్ చెట్టుకి ఆనుకోబోయాడు.

"ఆనుకోకురా! నిన్ననే నాటాను" అన్నాను. "ఒంటిచేత్తో. కౌంటీ ఆఫీసరు ఏమన్నాడు మొన్న? పిన్యోన్ అని మీ ఊరుంది, కొండవతల ఇంకో ఊరుంది, ఓ గుట్ట, ఓ వాగు, అన్నీ అదే పేరు, అంబులెన్సు ఎటెళ్ళాలి, మీ ఊళ్ళో ఒక్క పిన్యోన్ చెట్టూ లేదు, పేరు మార్చుకోండి అన్నాడు. కరువులో పురుగు పట్టి చచ్చాయయ్యా అంటే వింటేనా! మా ఆయన సమాధి రాయి మీద ఈ ఊరి పేరు చెక్కించాను. అది చెరిపెయ్యడానికి వీడెవడు? శనివారం మూడింటికి రా, చెట్టు చూపిస్తానన్నాను. పార భుజానేసుకుని గుట్టెక్కాను."

"ఆ మోకాళ్ళతోనా వదినా?" అంది ఎలోయిసా.

"మోకాళ్ళు ఇంట్లో పెట్టి వెళ్ళాన్లే. అక్కడో పిన్యోన్ చెట్టు మొదట్లో ఎలుక గూడు, దాన్నిండా పిన్యోన్ గింజలు. మనం గింజలు తీసుకుంటే బదులు మొక్కజొన్న పెడతాంగా, దోసెడు తీసుకుని దోసెడు పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఎలుక పొంగిపోయి చుట్టాలందర్నీ పిలుచుకొచ్చింది. నాలుగొందల ఎలుకలు! నేను పార ముట్టుకుంటే ఒట్టు, అవే తవ్వేశాయి."

"నాలుగొందలూ లెక్కపెట్టావా అత్తా?"

"తోకలు లెక్కపెట్టాను. నోర్మూసుకుని విను. చెట్టు పట్టుకుని లాగాను. వేరు వస్తోంది, వస్తోంది, తెగదే! మైలు, రెండు మైళ్ళు, మూడు. వెనక్కి తిరిగి చూస్తే ఏముందీ, కొండవతలి పిన్యోన్ ఊరు ఊరంతా ఆ వేరుకి తగులుకుని వచ్చేస్తోంది! చర్చి గంట దానంతటదే మోగుతోంది. వాకిట్లో చిక్కుళ్ళు తింటున్న ముసలాయన గిన్నె వదలకుండానే, ఎక్కడికి తీసుకెళ్తున్నావమ్మా మమ్మల్ని అన్నాడు. మీరెవరిక్కావాలయ్యా, నాకు చెట్టు చాలన్నాను. ఒక్క తోపు తోశాను. ఊరు మళ్ళీ దాని చోట్లో అది కూర్చుంది. కాస్త వంకరగా."

"మరి అంత వేరూ ఏం చేశావు?" అంది ఎలోయిసా.

"చుట్ట చుట్టి ఈ చెట్టు కిందే పూడ్చాను. ఇక గాలొచ్చినా, వరదొచ్చినా, ఆ ఆఫీసరే వచ్చి వేలాడినా…"

ఫిదెన్సియోగాడు ఒక్క చేత్తో చెట్టు పైకెత్తాడు. ముల్లంగి కన్నా తేలిగ్గా వచ్చేసింది. అడుగున రంపంతో కోసిన తెల్లటి మొద్దు. గోతిలో పందికొవ్వు డబ్బా, దాన్నిండా నీళ్ళు.

"ఇదేనా అత్తా మూడు మైళ్ళ వేరు?"

"పాపం మా అన్న రంపానికి అంటిన చెట్టు జిగురు ఇంకా ఆరనే లేదు" అంది ఎలోయిసా. నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకుంది.

మట్టిరోడ్డు మీద దుమ్ము లేచింది. ఆఫీసరు కారు.

"నవ్వింది చాలు. పెట్టరా దాన్ని గోతిలో. నిటారుగా. ఎలోయిసా, డబ్బా మీదికి మట్టి లాగు. వానలు పడగానే నిజంగానే పార పట్టుకెళ్ళి మొక్క తెస్తాను, ఎలుకలు వచ్చినా రాకపోయినా."

"అంతదాకా నేనేం చెయ్యను అత్తా?"

"కదలకుండా పట్టుకో. వాడు వెళ్ళేదాకా వేరు నువ్వే."