మీటరమ్మ గారు వెనక్కి తీసుకున్న సంతకం

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూలై మూడో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మన ఆసుపత్రి వైద్య పరికరాల మరమ్మతు విభాగంలో సహాయ టెక్నీషియన్‌గా హాజరు పట్టీలో తొలి సంతకం చేసి, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున ప్రధాన టెక్నీషియన్‌గా పదవీ విరమణ చేయనున్న మా సహోద్యోగిని, అందరూ ఆప్యాయంగా మీటరమ్మ గారు అని పిలుచుకునే విదుషీమణిని గురించి రాసే అవకాశం స్టోర్స్ గుమాస్తానైన నాకు దక్కినందుకు సంతోషిస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి చెప్పవలసి ఉంది. అందుకే ఇది నేనే రాస్తానని పట్టుబట్టాను.

వారు చేరిన నాటికి మన విభాగం లాండ్రీ వెనుక ఒక రేకుల షెడ్డు. రెండు బల్లలు, ఒక కిటికీ. తొలి రెండేళ్లు వారికి ప్లగ్గులు మార్చడం, వైర్లు చుట్టడం తప్ప వేరే పని అప్పగించలేదు. భోజన విరామంలో పాత యంత్రాల సర్క్యూట్ పటాలు ముందేసుకుని, ఒక చేత్తో తింటూ మరో చేత్తో గీతల వెంట వేలు నడుపుతూ వారు నేర్చుకున్న విద్యే అనంతర కాలంలో ఈ విభాగానికి ఆధారమైంది. రెండు వేల ఒకటిలో సీనియర్ టెక్నీషియన్ అయ్యారు. బోర్డు మీద చెయ్యి వేసే ముందు కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తును ఖాళీ చేయనిదే అంగుళం ముందుకు కదిలేవారు కాదు. తొందరపెట్టిన వాళ్లతో, "షాక్ కొట్టాక తీరిగ్గా పడుకోవాల్సింది నువ్వా, నేనా?" అనేవారు.

చదువరులలో అందరూ సాంకేతికులు కారు గనుక ఒక మాట. కెపాసిటర్ అనేది బోర్డు మీద చిన్న డబ్బాలా నిలబడి, విద్యుత్తును కాస్త నిల్వ ఉంచుకుని, ఎగుడుదిగుళ్లను సర్ది పంపే భాగం. ఏళ్లు గడిచేకొద్దీ దాని లోపలి తడి ఆరిపోతుంది. అప్పుడు ఎంత నిల్వ చేయగలదని కొలిస్తే అంకె సరిగ్గానే రావచ్చు. కానీ లోపలి నిరోధం పెరిగి, అవసరమైన క్షణాన అది విద్యుత్తు అందించలేదు. చలిలో ఆ జబ్బు మరీ ఎక్కువ. ఆ నిరోధాన్ని కొలవడానికి అరచేతిలో ఇమిడే వేరే మీటర్ ఉంది.

వారు ఉద్యోగంలో చేరిన ఇరవయ్యో ఏట, ఒక చలికాలపు ఉదయం, నవజాత శిశువుల వార్డులో బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ఒకటి తనంతట తాను ఆగిపోయింది. అరగంట తర్వాత డ్యూటీ నర్సు పాప పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది. సకాలంలో చూడబట్టి పాప దక్కింది. కానీ నర్సు యంత్రాన్ని ఆన్ చేయడమే మరిచిందని విచారణ మొదలైంది. వార్మర్ మధ్యాహ్నానికి మా షెడ్డుకు వచ్చింది. మీటరమ్మ గారు కెపాసిటర్లు విప్పి నిల్వ కొలిచారు, అంకెలు సరిపోయాయి. మధ్యాహ్నపు ఎండకు వేడెక్కిన రేకుల కింద రెండు గంటలు నడిపారు, చక్కగా నడిచింది. "పరికరంలో లోపం లేదు" అని రాసి సంతకం చేశారు. ఆ ఒక్క వాక్యంతో నర్సును సస్పెండ్ చేశారు.

రెండో రోజు ఆ నర్సు షెడ్డు గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"అక్కా, నేను ఆన్ చేశాను. తెర మీద అంకెలు వెలిగాయి. అది చూశాకే పక్క ఉయ్యాల వైపు తిరిగాను. మీరు కూడా నన్ను నమ్మకపోతే ఇంక ఎవరికి చెప్పుకోను?"

ఆమె వెళ్లిపోయాక మీటరమ్మ గారు నా గదికి వచ్చి, "తమ్ముడూ, నేనడిగిన ఆ కొత్త మీటర్ వచ్చిందా?" అన్నారు.

వచ్చింది. మూడు నెలల క్రితమే వచ్చింది. దరఖాస్తులో ఒక సంతకం తక్కువైందని అలమరాలో పెట్టి తాళం వేశాను. ఆ మాట చెప్పి తాళం తీశాను. వారు చెయ్యి చాచారు, అంతే. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నయమనిపించింది.

మందులు భద్రపరిచే నా చల్లని గదిలో వార్మర్‌ను ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఉంచారు. తర్వాత మీటర్ రెండు మొనలూ కెపాసిటర్‌కు ఆనించి కొలిచారు. కొత్త కెపాసిటర్‌లో నిరోధం ఓమ్‌లో పదో వంతు కూడా చూపని మీటర్, దీనిలో నాలుగు ఓమ్‌లు చూపించింది. స్విచ్ వేశారు. అంకెలు వెలిగాయి. హీటర్ అందుకోబోతూ టక్కుమంది. తెర ఆరిపోయింది. అలారం మోగలేదు.

"ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం," అన్నారు. తన నివేదిక తప్పని చెప్పడానికి నేరుగా విభాగం పెద్దయిన ఇంజనీరు గారి దగ్గరకు వెళ్లారు.

ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. "ఒకసారి సంతకం పెట్టి మళ్లీ కాదంటే విభాగం పరువేం కావాలి? యంత్రం తర్వాత పాడైందని రాయండి, చాలు."

"తర్వాత పాడవలేదు సార్. నేనే సరిగ్గా చూడలేదు. అలాగే రాస్తాను."

రాశారు. "నా మొదటి నివేదిక తప్పు. కొలవవలసినది కొలవకుండా సంతకం చేశాను. నర్సు నిర్దోషి." మీటర్ నా దగ్గర ఆగిపోయిన సంగతి వారు రాయలేదు. నేనడిగితే, "అది నువ్వు రాసుకోవాల్సింది" అన్నారు. ఆ సాయంత్రమే రాసిచ్చాను. ఇద్దరికీ హెచ్చరిక లేఖలు వచ్చాయి. వారి పదోన్నతి రెండేళ్లు ఆగింది. నర్సు మర్నాడే డ్యూటీలో చేరింది. నేడు ఆ వార్డుకు ఆవిడే హెడ్ నర్సు.

ఆ వారంలోనే ఆసుపత్రిలోని నలభై ఒక్క వార్మర్లనూ వారు వార్డు వార్డుకూ తిరిగి కొలిచారు. పద్నాలుగింటిలో కెపాసిటర్లు ఎండిపోయి ఉన్నాయి. ఏటా చలికాలానికి ముందు జరిగే తనిఖీ అలా మొదలైంది. మీటరమ్మ అన్న పేరు నర్సులు పెట్టిందీ అప్పుడే.

ఇంతటి నిపుణురాలి ఇంట్లో రేడియో ఏడాది పొడవునా గురగురలాడేది. కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న భర్త గారు తల ఎత్తకుండానే నవ్వేవారు. ఒకసారి నేను వెళ్తే అత్తగారు, "చూడు బాబూ, మా కోడలు లోకంలోని యంత్రాలన్నీ బాగుచేస్తుంది. దీన్ని మాత్రం ముట్టుకోదు. నేనూ ఆసుపత్రిలో చేరితే గానీ దీనికి మోక్షం లేదేమో!" అన్నారు. "మీరు రేడియో చంకన పెట్టుకుని రండి అత్తయ్యా, చీటీ రాయించి లోపలికి పంపిస్తా" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది. ఆ ఆదివారమే అది బాగుపడిందని తర్వాత తెలిసింది.

గడచిన పదమూడేళ్లలో ప్రధాన టెక్నీషియన్‌గా వారు తొమ్మిది మందిని తీర్చిదిద్దారు. నివేదిక రాయడం నేర్పేటప్పుడు తన తప్పు నివేదికనే ముందు పెట్టి చదివించేవారు. తన గొప్పలు చెప్పుకోగా మేమెవరమూ వినలేదు.

మీటరమ్మ గారూ, ఇక నుంచి మీకు చలికాలం అంటే దుప్పటి కాస్త పైకి లాక్కునే కాలం మాత్రమే కావాలి. పొద్దున్నే ఫోను మోగితే అది మీ మనవరాలి కబురే కావాలి. కంటిచూపు, కాళ్ల సత్తువ, భర్త గారి నవ్వు మీ వెంట చిరకాలం ఉండాలి. సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతతో, నిండు ఆయుష్షుతో మీరు చల్లగా ఉండాలని, ఈ విభాగం తరఫున, ఆ వార్డులో కళ్లు తెరిచి ఇళ్లకు చేరిన బిడ్డలందరి తరఫున, హృదయపూర్వకంగా కోరుకుంటున్నాను.