అందరూ గెలిచే ఆట

శుక్రవారం, భోజనాలయ్యాక, పరాయి ఎడారి దేశంలోని అల్ ఖోర్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరు రత్నాకర్, తాను తయారుచేసిన బోర్డు గేమును బల్ల మీద మళ్ళీ పరిచాడు. ఎదురుగా భార్య సునంద. ఆటలో ఒక లోపం ఉందట. సాయంత్రంలోగా దాన్ని సరిచేయకపోతే ఆటలు అచ్చువేసే కంపెనీ ఇంకొకరి ఆట తీసుకుంటుందట. ఆ లోపమెక్కడో పట్టుబడక అతనికి పిచ్చెక్కిపోతోంది.

“అక్కడ గాదే, ఇక్కడ పెట్టు.”

“నా వంతు గద?”

“నీ వంతే. అందుకే చెప్తున్న. ఇక్కడ పెట్టు.”

“నేను నీళ్ళ కార్డు ఏద్దామనుకున్న.”

“ఇప్పుడు నీళ్ళేస్తే దుఖాన్ ఊరి తొవ్వల మన బండి ఇసుకల దిగవడ్తది. తాడు ఎయ్యి. నీ చేతుల చివరి కార్డు.”

“నా కార్డులు నువ్వెందుకు చూస్తున్నవ్?”

“చూస్తే ఏమైతది? మనమంత ఒక్క జట్టు! ఎన్నిసార్లు చెప్పాలె? ఒకని కాయ ఇంకొకడు చంపుకునేటందుకు ఇదేమన్న అష్టాచెమ్మానా? ఇప్పటి ఆటలు వేరే. పాచికలు లెవ్వు, అదృష్టం లేదు, అంత ఆలోచననే. ఇసుక దుమారం వచ్చేలోపట బండ్లన్నీ రోడ్డెక్కాలె. ఎక్కితే అందరం గెలుస్తం, లేకుంటే అందరం ఓడుతం. ఆట మధ్యల ఎవ్వలు బయటికి పోరు.”

“పోతే మంచిగుండు.”

“ఏమన్నవ్?”

“ఏం లే. ఎయ్యాల్నా తాడు?”

“ఎయ్యి... అరే, గట్ల గాదు! పచ్చ బండికి!”

“పచ్చది నీది గద.”

“నాది నీది ఏంది సునందా! ఆగు, నీకు తెల్వది. నేనే ఏస్త.”

“ఏసుకో.”

“మొహం గట్ల వెట్టకు. నా తల పలుగుతున్నది ఇక్కడ. ఆ కంపెనీ ఆమె ఫోన్ల ఏమన్నదో ఇన్నవ్ గద? ఆట మంచిగనే ఉన్నదట, బొమ్మలు మంచిగున్నయట. కని ఒక్కలే అందరి ఆట ఆడుతున్నరట, మిగిలినోళ్ళు చూసుకుంట కూసుంటున్నరట.”

“ఆమె అన్నది నాకు సమజైంది.”

“నాకైతలేదు! ఏ రూల్ తప్పున్నదో చెప్పుమంటే నువ్వు చెప్పవు. కార్డులు దాయాల్నా? దాస్తే ఒకలకొకలు సాయమెట్ల చేసుకుంటరు? గడియారం పెట్టాల్నా? పెద్దోళ్ళు ఆగమైతరు. మాట్లాడద్దని పెట్టాల్నా?”

“ఆఁ, అదైతే...”

“అదస్సలు కుదరదు. మాట్లాడకుంట ఆడనికి ఇదేమన్న పరీక్ష హాలా?”

“నన్ను అడిగినవా, నీకు నువ్వే చెప్పుకున్నవా?”

“నిన్నే అడుగుతున్న. చెప్పు!”

“చెప్తే...”

“చెప్పరాదు, ఎవలొద్దన్నరు? అసలు ఎవ్వలకు ఓపికనే లేదు. మా ప్లాంటోళ్ళుండే క్యాంపుల గజేందర్‌తోటి ఆడిన. సగం ఆటల ఫోన్ తీసిండు. అతీఖ్ భాయ్ అయితే కూసున్నకాడనే గుర్రువెట్టిండు!”

“గజేందర్ కార్డులు ఎవలేసిండ్రు?”

“నేనే చెప్పి ఏయించిన. వానికేం తెలుసు?”

“అతీఖ్ భాయ్‌వి?”

“నేనే. లేకుంటే ఓడిపోదుం గద!”

“మంచిది.”

“ఏం మంచిది? మాఫీ ఫాయిదా, ఏం లాభం లేదు! ఇంత కష్టపడి చేస్తే ఒక్కలకన్న...”

“మొన్న నువ్వు డ్యూటీకి పోయినంక పక్కింటి నస్రీన్, ఆమె చెల్లె ఫర్హా వచ్చిండ్రు. ఈ డబ్బ తీసినం.”

“నన్నడగకుంట ముట్టిండ్రా? ముక్కలు పోతే?”

“అన్నీ ఉన్నయ్ తియ్యి. ఒక్కసారి ఆడుదమనుకున్నం, పొద్దుగూకెదాక లేవలే. ఫర్హా తప్పు బండికి నీళ్ళువోసింది, నస్రీన్ ఒర్రుడు. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. ‘మీ ఆయప్పనా ఈ ఆట చేసింది? నమ్మేకి లేదక్కా’ అన్నది ఫర్హా.”

“గెలిచిండ్రా?”

“ఫస్టు ఓడినం. మళ్ళ ఆడి గెలిచినం. రేపు గూడ వస్తమన్నరు.”

“ఆగాగు. ఎవ్వలు ఫోన్ తియ్యలే? ఎవ్వలు ఊకె కూసోలే?”

“కూసోలే.”

“అరే, గదే గద నాకు కావల్సింది! ముందుగాల చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతయా? యల్లా, చెప్పు, రాసుకుంట. కార్డులు దాచిండ్రా?”

“లే.”

“మాట్లాడద్దనుకున్నరా?”

“మా నోళ్ళు మూతవడ్తే గద.”

“మరి ఏ రూల్ మార్చిండ్రే? ఏం మారింది?”

“రూల్ ఏం మార్చలే. నువ్వు లెవ్వు, గంతే.”