నల్ల పట్టుకి తెల్ల పెయింటు

హలో… ఆ, నేనే. చెప్పు రజనీ.

లేదులే, ఖాళీగానే ఉన్నాను. మీ బావగారిది ఫస్ట్ షిఫ్టు, ఎలిపోయారు. వంట కూడా అయిపోనాది… ఆ. నీదో?

అచ్ఛా… మావయ్యగారు అక్కడే ఉన్నారా?… ఎప్పుడొచ్చారు?… ఏడింటికే వచ్చీసారా! నాతో కూరలకి సబ్జీ మండీకి ఎళ్ళొస్తాను అన్నారే… కాదులే, కోపం ఎందుకు. పెద్దకోడలింట్లో ఉంటున్నారు, చిన్నకోడలింటికి ఎళ్ళారు. పరాయింటికి కాదు కదా.

కాకపోతే చూడు, మా మరోదా నుంచి మీ స్మృతి నగర్‌కి ఆ మోకాళ్ళతో సైకిలు తొక్కుకుని… రోజూనా?… వారం నుంచా? నేను పక్క సెక్టార్లో గుడికి రమ్మంటే కీళ్ళనొప్పులంటారు… నవ్వకు. నిజమే చెప్తున్నాను.

…ఫోటోయా? ఆ, చూసాను. పేపర్లో వస్తే చూడకుండా ఎలాగ… నువ్వూ మావయ్యగారూ, మధ్యన తేనె సీసా. పూల ప్రదర్శనలో ఫస్ట్ ప్రైజు. పక్కింటి సుచిత్ర దీదీ పనిగట్టుకుని తెచ్చి చూపించింది. మీ తోటికోడలే కదా అని అడిగింది. ఆ, మా తోటికోడలే అన్నాను. ఏటనను మరి?

…బాగుంది. చీర బాగుంది.

…ఫ్రేములకా? వాటికి థ్యాంక్స్ ఎందుకే. ఖాళీగా పడున్నవే కదా. నా పెట్టెలో తేనెటీగలే లేనప్పుడు ఫ్రేములు పెట్టుకుని ఏం చేసుకుంటాను… ఆ, ఎనిమిది. అన్నీ కట్టిన తేనెపట్టే. ఈగలకి మైనం కట్టుకునే పని తప్పుతాది, తిన్నగా తేనె నింపుకోడమే… నాకెందుకు చెప్తావు అది? నీకు చెప్పిందే నేను. ఆరేళ్ళయినాది, మా పెరట్లో నిలబెట్టి చెప్పాను. అప్పుడు నువ్వు ఈగ కనపడితే చున్నీ కప్పుకుని లోపలికి పారిపోయీదానివి.

…మావయ్యగారు నేర్పారా?… సరే, ఆయనే నేర్పారు. ఆయన నాకు నేర్పితే నేను నీకు నేర్పాను… లేదే, దెప్పడం లేదు. ఉన్నమాట అంటున్నాను.

…ఏటి?… నల్లగా ఉన్నాయా?

…పొగ. పొగ ఎక్కువ పట్టానులే. గోనెగుడ్డ కాల్చి… ఆ, అందుకే నల్లబడ్డాయి. పాతవి కాదు… రెండువేల ఇరవై నాలుగే. పైకర్ర మీద తెల్ల పెయింటుతో రాసి ఉంది కదా, చూడు… మరి! మావయ్యగారంటే మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఇనప దిమ్మల మీద నంబర్లు రాసిన మనిషి. ఏ ఏడు ఫ్రేమో రాయకుండా పెట్టెలోకి దింపరు. మూడేళ్ళు దాటినాదంటే ఆ పట్టు కరిగించీమంటారు. ఎంత బాగున్నా కరిగించీడమే… తెలుసులే నీకు. నీకు అన్నీ తెలుసు.

…ఏటీ?

…నీ చేత రాయిస్తున్నారా? బ్రష్షు నీ చేతికిచ్చారా?

…ఎప్పటి నుంచి?

…లేదు. ఏటీ లేదు. వింటున్నాను, చెప్పు… పదహారేళ్ళు ఆయన ఫ్రేములు కడుతుంటే సుత్తీ మేకులూ అందించాను. ఒక్క అంకె నన్ను రాయనివ్వలేదు. నీ చెయ్యి వణుకుతాది అనీవోరు… అవునా, నీ రాత గుండ్రంగా ఉందన్నారా. మంచిది.

…హా. ఉన్నాను, లైన్లోనే ఉన్నాను.

రజనీ, ఒక మాట అడుగుతాను. ఆ ఫ్రేములు ఇంకా పెట్టెల్లో పెట్టలేదు కదా?… ముందు నేనడిగింది చెప్పు.

…అలాగైతే పెట్టకు. పక్కన ఉంచీ. నాకు కావాలి.

…అవును, నేనే ఇచ్చాను. ఇప్పుడు తిరిగి కావాలంటున్నాను… కారణం ఏటి? నా ఫ్రేములు, నాకు కావాలి, బస్… నా పెట్టెలో ఈగలు లేకపోతే నీకెందుకు? రేపు కొత్తవి తెచ్చుకుంటానేమో… ఆటో ఖర్చు నేనిస్తాను, మరిది సురేశ్‌తో పంపీ…

…ఏటన్నావు?

…కాదు, మెల్లిగా అన్నావు కదా, అదే. మళ్ళీ అను.

…కుళ్ళా.

…ఆ. అవును. కుళ్ళే. ఎందుకు, ఏడుస్తున్నావేటి? తప్పన్నావా? సరిగ్గానే అన్నావు. నువ్వంటే నాకు కుళ్ళు. విను. ఇరవై రెండేళ్ళ నుంచి ఆయన నా ఇంట్లో ఉన్నారు. బీపీ మాత్ర నేనిస్తాను, కంటికి ఆపరేషన్ అయితే నేను కూర్చున్నాను, చుక్కల మందు నేను వేసాను. ఆయన ఈ ఊరికంతా ఏటని చెప్పీవోరు తెలుసా? సత్యలక్ష్మి చెయ్యి పెడితే ఈగలు కుట్టవు అనీవోరు. మొన్న ప్రదర్శనలో ఆ మాటే చెప్పారు. పేరు మార్చీసారు. రజనీకుమారి చెయ్యి పెడితే కుట్టవట. నేను వెనకాలే నిలబడి ఉన్నాను… నువ్వు చూడలేదులే. నువ్వు ఫోటో దిగుతున్నావు.

…నా పెట్టె ఖాళీ అయినాదని తెలిసి కూడా వచ్చావు. అక్కా, నీ ఈగలు ఎలాగూ లేచిపోయాయి కదా, కట్టిన పట్టు ఉంటే ఇయ్యి, నాకు చాలా పనుంది అన్నావు. చాలా పని! ఎంత మండిపోయినాదో తెలుసా? నా ఇల్లు పడిపోతే తలుపులు అడగడానికి వచ్చినట్టు వచ్చావు.

…అరిస్తే అరిచాను. ఇంకా ఉంది, విను. ఫోను పెట్టీకు. రజనీ, ఫోను పెట్టీకు, నీకు దండం పెడతాను.

ఆ ఫ్రేములు ఇరవై నాలుగువి కాదు. పంతొమ్మిదివి. మావయ్యగారు కరిగించీమన్నా నేనే కరిగించలేదు.

…అవును. పాత అంకె గీకీసాను. పైన కొత్త అంకె రాసాను… నేనే. నీకు సంచీలో పెట్టి ఇచ్చిన రోజు పొద్దున్న. పెరట్లో ఆయన పెయింటు డబ్బా ఉన్నాది.

…ఆగు. పాతవి అయినంత మాత్రాన కాదు. అంతే అయితే నేను నీకు చెప్పేదాన్ని కాదు.

…ఈగలు లేచిపోలేదే.

…చచ్చిపోయాయి. పిల్లలు ముందు. గదుల్లోనే కుళ్ళిపోయినాయి, మూత తీస్తే కంపు. తరవాత పెద్దవి. నెల్లాళ్ళు పట్టినాది. దుర్గ్‌లో ఒకాయన ఉన్నాడు కదా, ఈగల సంగతి తెలిసినాయన, ఆయనకి ఒక ముక్క పట్టుకెళ్ళి చూపించాను. పిల్లరోగం అన్నాడు. ఫ్రేములన్నీ గోతిలో వేసి కాల్చీమన్నాడు. ఒక్కటి కూడా ఉంచొద్దు, ఇంకో పెట్టెకి అంటుకుంటాది అన్నాడు.

…తెలుసు.

…తెలిసే ఇచ్చాను.

…మావయ్యగారికి చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. నాకు అప్పగించిన ఒకే ఒక్క పెట్టె. లేచిపోయాయంటే ఈగల తప్పు. చచ్చిపోయాయంటే నా తప్పు.

…రజనీ… తిట్టు.

…ఆఁ?

…ఏటన్నావు, పెట్టీసారా? ఇందాక లేదన్నావే.

ఎప్పుడు?… మొన్ననా? ఎన్ని?… నాలుగా. ఏ పెట్టెలో?… కొత్త పెట్టెనా. కొత్తది ఎక్కడిది నీకు?… విభాగం చేసారా? ప్రైజొచ్చిన పెట్టెనే రెండు చేసారా… అయ్యో, దాన్నెందుకు ముట్టుకున్నారే, ఊళ్ళో అంత మంచి పెట్టె లేదు… రాణి పెట్టీసినాదా, గుడ్లు?… కనపడుతున్నాయా. ఆ నల్ల గదుల్లోనేనా.

మొన్న పెట్టారంటే ఇప్పటికి శుభ్రం చేసీసుంటాయి. నోటితో నాకి శుభ్రం చేస్తాయి కదా పాత గదుల్ని, రోగం అక్కడే అంటుకుంటాది… ఏడవకు. విను. ఆ పెట్టెకి దోవ మూసీ, చెక్క అడ్డం పెట్టి. ఆ చేతులతో ఇంకో పెట్టె తియ్యకు. మిగతా నాలుగు ఫ్రేములు ఎండలో పెట్టకు, వేరే ఈగలు మూగుతాయి, గోనెలో చుట్టి కట్టీ… ఉన్న ఐదు పెట్టెలూ దూరంగా ఉన్నాయా?… ఎంత దూరం?

…అంతేనా.

…కొత్త పెట్టె ఎవరైనా కొనుక్కున్నారా? వాళ్ళకి ఫోన్ చేసి…

…ఎవరికి?

…రజనీ, సరిగ్గా చెప్పు. ఎవరికి అన్నావు?

…నాకా. ఆ కొత్త పెట్టె నాకా.

…ఇందుకేనా వారం నుంచి… సైకిలేసుకుని… నాతో సబ్జీ మండీ అని…

…ఎవరన్నారు? మావయ్యగారేనా అన్నది? పెద్దకోడలి పెరడు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను అన్నారా?

…మరి నాకు చెప్పొచ్చు కదే. ఒక్క ముక్క చెప్పొచ్చు కదా, ఫ్రేములు అడిగినప్పుడు… అవునులే. చెప్తే ఇంకేటుంది.

…ఫ్రేములు ఎవరు దింపారు లోపలికి, నువ్వా?… ఆయనా. నల్లగా ఉన్నాయని నువ్వు ఆయనకి కూడా చెప్పావా?… చెప్పావా. ఆయన ఏటన్నారు?

…

…అలాగన్నారా. సత్యలక్ష్మి ఇచ్చినవి చూసుకోనక్కర్లేదు అన్నారా.

…ఉండు.

…ఎక్కడున్నారు ఆయన?… మొక్కల దగ్గరా. ఫోను ఆయనకియ్యి… నువ్వు చెప్పొద్దు, నేనే చెప్పాలి… ఇయ్యి రజనీ.

…

మావయ్యగారూ… ఆ, నేనే. సత్యలక్ష్మిని.

…ఆ, తిన్నాను. లేదు… తినలేదు. తింటాను. మావయ్యగారూ, కుర్చీలో కూర్చోండి ముందు… రజనీ ఏడుస్తున్నది నా వల్లే. దాన్ని ఏటీ అనకండి.

నా పెట్టెలో ఈగలు లేచిపోలేదు. చచ్చిపోయాయి… పిల్లరోగం. ఆ ఫ్రేములే ఇవి. పంతొమ్మిది గీకి ఇరవై నాలుగు రాసాను. మీ బ్రష్షుతో, మీ అంకెలాగ రాసాను. దానికి ప్రైజొచ్చినాదని, మీరు దాని పేరు చెప్పారని… దాని పెట్టె కూడా ఖాళీ అయిపోతే బాగుణ్ణు అనుకున్నాను. అంతే. ఇంకో కారణం లేదు.

…మావయ్యగారూ?

…నాలుగే లోపలున్నాయి. నాలుగు బయట… అవును, కాల్చీమన్నాడు… ఆ, పెట్టె కూడా. ఈగలు కూడా. మిగతా వాటిని పది రోజులు చూడాలట… నేనొస్తున్నాను. ఇప్పుడే ఆటో ఎక్కుతాను. గొయ్యి నేనే తవ్వుతాను, మీరు వంగొద్దు…

…వద్దా.

…అలాగే. సాయంత్రం వస్తాను… సాయంత్రం కూడా వద్దా.

…మరి మీరు ఎన్నింటికి వస్తారు ఇంటికి?… మావయ్యగారూ?… మాత్ర వేసుకోవాలి కదా మీరు, మావయ్యగారూ…

…ఆ, రజనీ. ఫోను నీకిచ్చీసారా. ఏటన్నారు?… చెప్పు, పర్లేదు.

…సురేశ్ వస్తాడా. ఎందుకు?

…ఆయన బట్టలకా.

…ఎన్ని జతలు సర్దమన్నారు?

…అన్నీనా.

…సరే. సర్దుతాను. ఫోను పెట్టీ.