మీ తాత స్టేజి

"అవ్వా, మన మలుపుకు సాయిలు స్టేజి అని పేరెట్ల వచ్చిందో జెర చెప్పవా? ఫోన్ల రికార్డు చేస్తున్న. పుణెకు పోయినంక పిల్లలకు వినిపిస్త. ముందుగాల తాత పేరు చెప్పి షురూ చెయ్యి."

పేరు నువ్వే చెప్పితివి గద బిడ్డా. అండ్ల పడ్డది గద. సాలు, మిగిలింది నేను చెప్త.

గా ఫోను జెర దూరం పెట్టు. మొఖం మీద పెడితె నాకు మాట రాదు. ఆ, గట్ల.

మీ తాతది రోడ్డు గ్యాంగుల పని. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే సడక్ ఉన్నది సూడు, అండ్ల మన ఊరి దిక్కు ముక్క ఈయనది. గుంత పడితె మొరం పోసి గట్టిగ కొట్టుడు, వానకు మోరి నిండితె తీసుడు, చెట్టుకొమ్మ విరిగి పడితె పక్కకు గుంజుడు. సర్కారు ఇచ్చింది ఒక తట్ట, ఒక పార, ఒక ఎర్రజెండ. జెండ సినిగిపోతె మల్ల ఇయ్యలే. నా పెండ్లి చీరె సింపి నేనే కుట్టిన. మంచి చీరె, మా నాయిన సిద్దిపేటల కొన్నడు. కాదు కాదు, నాది కామారెడ్డిల. సిద్దిపేటది మా చెల్లెది. అది ఇప్పటికి కట్టుకుంటది, నాది జెండలకే పోయింది.

గప్పుడు కామారెడ్డికి టికెట్టు రూపాయి ఉండె. రూపాయి ఉంటె ఏం లాభం, బస్సు ఆగాలె గద. మన ఊరు రోడ్డుకు లోపలాయె. మలుపు కాడ స్టేజి లేకుండె. ముందట రైసుమిల్లు కాడనే ఆపుతుండిరి. మైలు దూరం. కాళ్లు మంచిగున్నోళ్లు నడుస్తరు. నెలలు నిండినామె నడుస్తదా? దమ్ము బీమారి ఉన్న ముసలాయిన నడుస్తడా? మనం చెయ్యెత్తితె డ్రైవర్లు గూడ చెయ్యి ఊపి పోయెటోళ్లు, మనం వాళ్లను సాగనంప వచ్చినట్టు.

ఇగ మీ తాత ఏం చేసిండంటె, ఎవలన్న గసొంటోళ్లు మలుపు కాడ నిలవడితె, పోయి రోడ్డు నడుమ ఎర్రజెండ పాతుతుండె. జెండ కనవడితె బస్సు ఆగవలసిందే. డ్రైవర్ తల బయటవెట్టి, "ఏమాయె, గుంత ఏది?" అంటుండె. "పూడ్సిన డ్రైవర్ సాబ్. పోవచ్చు. పొయ్యేటప్పుడు గీ పిల్లతల్లిని ఎక్కిచ్చుకోరాదుండ్రి" అంటుండె మీ తాత. నవ్వెటోడు కాదు. నవ్వితె అయ్యే పని గూడ కాదని అనేటోడు.

ఊకె ఎట్లుంటరు, ఎవలో పోయి పైన చెప్పిండ్రు. ఆఫీసరు సారు జీపుల వచ్చిండు. "గుంత లేని కాడ జెండ ఎందుకు పెట్టినవ్?" అన్నడు. "రేపు పడతది సారూ" అన్నడు మీ తాత. పడ్డది. నిజంగనే పడ్డది, తెల్లారి వాన కొట్టింది. సారు మల్ల రాలే.

గట్ల నౌకరి దిగిందాక ఆపిండు. దిగినంక గూడ జెండ పట్టుకొని పోతుండె. అది నా చీరె గద, సర్కారుది కాదు, ఎవలు అడుగుతరు? ఎవలు అడగలే. ఆయిన పోయినంకనే ఊరోళ్లకు తెలిసింది, మల్ల బస్సులు ఆగుత లేవని. అందరు కలిసి డిపో సుట్టు తిరిగి స్టేజి తెచ్చిండ్రు, తలా ఇంత ఏసుకొని రేకుల షెడ్డు కట్టిండ్రు. ఏం పేరు పెడుదమని కూసున్నరు. ఒగలు పోశమ్మ స్టేజి అన్నరు. సర్పంచ్ తన నాయిన పేరు అన్నడు. కిరాణం షావుకారు ఉండె, మాట తక్కువ మనిషి, ఆయిన లేసి, "గీడ బస్సు ఆపింది ఎవలు?" అన్నడు. సర్పంచే ముందుగాల తలకాయ ఊపిండు. సర్పంచ్ పుట్టేటప్పుడు ఆయిన తల్లి గా జెండ కాడనే బస్సెక్కింది మరి.

నీలిరంగుతోని గింత గింత అచ్చరాలు రాసిండ్రు. టికెట్ మిషన్ల గూడ ఎక్కిచ్చిండ్రు. అందరు సంబురపడ్డరు. నాకే కష్టమయింది.

ఎందుకంటవా? మొగని పేరు ఎట్ల చెప్పాలె బిడ్డా?

మీకు నవ్వొస్తది. మీరు మొగణ్ణి పేరు వెట్టి పిలుస్తరు, వాడు పలుకుతడు, బాగనే ఉన్నది. మాకు గట్ల లేకుండె. పేరు ఎత్తితె ఆయుష్షు తగ్గుతదని అంటుండిరి. మా యారాలున్నది గద, మీ తాత తమ్ముని పెండ్లాం, దాని మొగని పేరు ఎల్లయ్య. అది ఎల్లారెడ్డి అనదు. కండక్టర్ ఏ ఊరే అంటె, "కామారెడ్డి కాదు, రెండోది" అంటది. బతుకంత గట్లనే తిరిగింది, ఎన్నడు తప్పిపోలే.

నేను ఒక్కపారి చెప్పిన, పెండ్లినాడు. కొత్తకోడలు గడప కాడికి వస్తె ఆడబిడ్డ అడ్డం నిలవడతది గద, మొగని పేరు చెప్తెనే లోపలికి అని. చెప్పిన. "ఇనవడలే, మల్ల చెప్పు" అన్నది. మల్ల చెప్పలే. బువ్వ చల్లారుతున్నదని మా అత్తనే ఇడిపిచ్చింది.

ఇప్పుడు ఆడోళ్లకు బస్సుల పైసల్లేవు. ఆధార్ చూపెడితె సున్నా టికెట్టు. పైసలు లేకున్న "ఏడ దిగుతవ్ అవ్వా" అని మాత్రం అడుగుతరు. బీపీ గోలీలకు నెలనెలా కామారెడ్డి పోవాలె నేను. కండక్టర్ పిల్ల అడిగితె, "మిల్లు ఇంక రాకముందు" అన్న. "ఏం స్టేజి?" అన్నది. "రేకుల షెడ్డు" అన్న. "అన్ని స్టేజీలకు రేకుల షెడ్డే ఉన్నది, పేరు చెప్పు, నొక్కాలె" అన్నది. అచ్చం మా ఆడబిడ్డ తీరు. ఎనుక జనం తోసుకుంటున్నరు. "మిల్లు" అన్న. మిల్లు కాడ దిగి మైలు ఎనుకకు నడిసిన, నా మొగని పేరు మీది షెడ్డు ముందటనుంచే. నెలనెలా గిదే కథ. మోకాళ్లు వాసినయి. మీ అమ్మ తిట్టింది. "సచ్చిపోయినోని ఆయుష్షు ఇంకేం తగ్గుతదే" అన్నది. నిజమే. నోరు ఇనాలె గద.

మొన్న ఎండకాలం ఏమయిందంటె, కామారెడ్డిల నా పక్కకు ఒక పిల్ల వచ్చి కూసున్నది. డోంగ్లి అవతల మహారాష్ట్రదట. మీ పుణె దిక్కు మాట. ఒడిల పిలగాడు, జరంతోని కాలిపోతున్నడు. మొగడు మన ఊరి ఇటుకబట్టి కాడ పనికి కుదిరిండట, ఆయిన కాడికి పోతున్నది. నేర్చుకొచ్చిన తీరు మీ తాత పేరు చెప్పి టికెట్టు తీసుకున్నది. నాకు సిగ్గయింది. దాని మొగడు కాదు గద, దానికేంది.

అంగడి రోజు, బస్సు నిండ జనం. కండక్టర్ పిల్ల ఎనుక ఇరుక్కున్నది. గీ పిల్లకు నిద్ర పట్టింది. నేను మిల్లు టికెట్టుతోని కూసున్న. మలుపు వస్తున్నది, బస్సు ఉరుకుతనే ఉన్నది. నేనంటె నడుస్త, అలవాటయింది. జరం పిలగాన్ని ఎత్తుకొని గా ఎండల మైలు గీమె ఎట్ల నడుస్తది?

"ఆపు, ఆపు" అన్న. డ్రైవర్ కొత్తోడు. ఎనుకకు తిరుగకుంటనే, "ఏడ వడితె ఆడ ఆపనవ్వా. స్టేజుంటె పేరు చెప్పు" అన్నడు.

అద్దంల నుంచి షెడ్డు కనవడుతున్నది. నీలి అచ్చరాలు.

అరిసిన బిడ్డా. ఇన్నేండ్లు ఇగో, ఏమయ్యో అని పిలిసినదాన్ని, పేరు వెట్టి అరిసిన. పొలంల అవతలి గట్టు మీద ఉన్న మనిషికి ఇనవడాలె, గట్ల. బస్సు గుంజిపట్టినట్టు ఆగింది. నిలవడ్డోళ్లంత ఒకల మీద ఒకలు పడ్డరు. ఎర్రజెండ లేదు, ఏం లేదు. ఆగింది.

ఎనుకనుంచి కండక్టర్ పిల్ల, "అయితె నోరున్నదన్నట్టు అవ్వకు!" అన్నది.

నేను గూడ గాడనే దిగిన. గా పిల్ల మొగడు వచ్చి తీసుకపోయిండు. నేను జెరసేపు షెడ్డుల కూసున్న. పైన అచ్చరాల దిక్కు సూసి, తప్పాయెనా అని అడిగిన. పలుకలే. బతికున్నప్పుడు గూడ సగం మాటలకు పలికెటోడు కాదు.

గంతే.

"మరి ఇప్పుడు ఒక్కసారి చెప్పవా అవ్వా? పిల్లల కోసం."

ఇప్పుడా? ఇప్పుడు ఏ బస్సు పోతున్నదే?

బందు చెయ్యి దాన్ని, చార్జింగ్ అయిపోతది. పిల్లలకు నేను అడిగిన్నని చెప్పు. పైలం బిడ్డా. దూరం దేశంల ఉంటున్నరు, ఏ మలుపు కాడ ఎవలుంటరో తెల్వదు. నా మునిమనుమలు ఏడ నిలవడి చెయ్యెత్తినా, వచ్చిన బస్సు ఆగాలె.