చదివినట్టు తెలియకుండా

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు, ఆరో అంతస్తు. శుక్రవారం మధ్యాహ్నం నాలుగైంది. టీమ్ లీడ్ ప్రవీణ సీటు దగ్గర, లాప్‌టాప్‌లు బాగుచేసే తిరుపతి.

"పనిచేస్తోందంటారా?"

"మేడం, పొద్దటి సంది ఇది మూడోసారి అడుగుడు. చేస్తున్నది. గా మూలకు పచ్చ గుర్తు కనవడ్తలేదా?"

"కనబడుతోంది. నేను మెయిల్ తెరిస్తే అవతలివాళ్ళకి తెలీదు కదా? ఖచ్చితంగా?"

"ఈ లాప్‌టాప్‌ల తెరిస్తే తెల్వదు. మెయిల్ల కంటికి కనవడని చిన్న బొమ్మ పెడ్తరు. మీరు తెర్వంగనే అది పోయి వాళ్లకు చాడీ చెప్తది, ఫలానా మనిషి ఫలానా టైముకు చూసిందని. ఈ ఎక్స్‌టెన్షన్ ఆ బొమ్మను లోపలికి రానియ్యదు. గంతే. రెండు వారాల కింద పెట్టినప్పుడే చెప్పిన గద."

"చెప్పారు, చెప్పారు."

"అయినా చీరల షాపోళ్లకు గింత భయపడుడేంది?"

"ఊరికే పంపుతున్నారండి. ఒకటి తెరిస్తే పది పంపుతున్నారు. విసుగొచ్చేసింది."

"చీరల షాపోళ్లు మిమ్మల్ని అక్కా అంటరా?"

"స్క్రీన్ చూడకండి తిరుపతి గారూ!"

"చూడమని పిలిచింది మీరేనాయె."

"గుర్తు చూడమన్నాను. మెయిల్ కాదు."

"లోహిత్ గద?"

"ఏ లోహిత్?"

"మేడం. మనకెంతమంది లోహిత్‌లున్నరు? మీ పక్క సీట్ల కూసునేటోడు. మీ డబ్బాల పులిహోర తినేటోడు. పోయేనాడు వాని బ్యాడ్జి, లాప్‌టాప్ నా చేతులతోనే తీస్కున్న."

"దబ్బకాయ పులిహోర. అదొక్కటే అడిగేవాడు. మా అమ్మ కాకినాడ నుంచి దబ్బకాయలు పంపిందంటే ముందు వాడికే చెప్పేదాన్ని."

"ఏం రాస్తున్నడు?"

"ఏముంది, కుశలం."

"ఏడు మెయిళ్ల కుశలమా? అన్ని కుశలాలు మా ఇంటామె గూడ అడగదు."

"కొత్త ఉద్యోగం వచ్చిందటండి. కొండాపూర్‌లో ఏదో కంపెనీ. ఇక్కడెందుకు తీసేశారో పాత టీమ్ లీడ్ రాసిస్తేనే చేర్చుకుంటారట. ఇవాళ ఐదింటితో ఆఖరు."

"రాయుండ్రి మరి."

"రాయొచ్చు."

"రాయొచ్చు అనుకుంటనే రెండు వారాలు పోయినట్టున్నయ్."

"మీకేం తెలుసండీ! మొదటి రెండు మెయిళ్ళకి జవాబివ్వలేదు. ఏం రాయాలో తోచక. మూడోదాంట్లో ఏమన్నాడో తెలుసా? 'అక్కా, సోమవారం మూడుసార్లు తెరిచారు, మంగళవారం రెండుసార్లు. కుదరదనైనా ఒక్క మాట చెప్పండి' అని. ఉద్యోగాలకి రాస్తున్నాడు కదా, తన మెయిల్ ఎవరు చూశారో తెలియడానికి అదేదో పెట్టుకున్నాడట. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే మీ దగ్గరికొచ్చాను."

"చీరల షాపని."

"చీరల షాపని."

"ఇది పెట్టినంక ఏమన్నడు?"

"'అక్కా, మీరింకా చూసినట్టు లేరు, పనిలో ఉండుంటారు' అని. తర్వాత కూడా అంతే. 'తీరికైనప్పుడు చూడండి' అని. చూడలేదనుకుంటున్నాడు కదా, ఇక నాదేం తప్పు లేదన్నట్టు హాయిగా ఉండేదండి. చదవడం మాత్రం మానలేదు. వద్దనుకుంటూనే మళ్ళీ తెరుస్తాను. అదే నాలుగు ముక్కలు, కంఠతా వచ్చేశాయి."

"పిల్లి కండ్లు మూస్కొని పాలు తాగినట్టు."

"అనండి. పడాల్సిందే."

"గింత బాధెందుకు మరి? తప్పు చేసిండు, తీసేసిన్రు, పిల్లగాడు మంచోడని రాస్తే అయిపాయె."

"తప్పు వాడు చెయ్యలేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటండీ? ఆ రోజు క్లయింటు రికార్డులు పోగొట్టింది లోహిత్ కాదంటున్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ దినం మీ లాప్‌టాప్ నా టేబుల్ మీదున్నది మేడం. కీబోర్డు మారుస్తున్న. ఇంకెంత టైం పడ్తదో చెప్పనీకి వచ్చిన. లోహిత్ చాయ్‌కి పోయిండు. వాని సీట్ల మీరు కూసోని టకటక కొడ్తున్నరు. డిస్టర్బ్ చేసుడెందుకని మల్లిపోయిన."

"టెస్టు సర్వర్ అనుకున్నానండి. అదీ, అసలు సర్వరూ అచ్చం ఒక్కలాగే ఉంటాయి. ఒక్క ఎంటర్. అంతే, మొత్తం పోయాయి. లాగిన్ వాడిది కదా, లాగ్‌లో వాడి పేరే పడింది. మీటింగ్‌లో 'ఎవరు చేశారు?' అన్నారు. వాడు నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను నీళ్ళ సీసా మూత తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను. అది ఊడొచ్చినా కూడా ఇంకా తిప్పుతూనే ఉన్నాను తిరుపతి గారూ."

"వాడేమన్నడు?"

"'నా లాగిన్ సర్, నాదే బాధ్యత' అన్నాడు. నేను చెప్తానేమోనని సాయంత్రం దాకా చూసుంటాడు. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు వాడి సీటు ఖాళీ."

"అవును."

"అవునంటే? ఇంత తెలిసీ మీరెందుకు నోరు విప్పలేదు?"

"నన్నెవలు అడగలే. నేను చెప్పలే. కాంట్రాక్టు నౌకరి మేడం నాది. టీమ్ లీడ్ మీద మాట చెప్పి ఏడ బతుకుత? ఇంటికి పోయి భాగ్యకు చెప్తే, నా పెండ్లాం, మూడు దినాలు నాతోని మాట్లాడలే. సీసా మూత తిప్పింది మీరొక్కరే కాదు."

"టైమెంత?"

"నాలుగు ఇరవై."

"కొంచెం జరగండి. రాస్తాను."

"నిజమే రాస్తరా? మీ నౌకరి ఫికర్ లేదా?"

"ఎందుకు లేదు, ఉంది. పోతే పోనివ్వండి. ఆ ఖాళీ సీటు వైపు చూడకుండా కూర్చుని కూర్చుని మెడ పట్టేసింది. ఉండండి, మాట్లాడించకండి."

"నేనేం మాట్లాడలే."

"గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడకండి, కూర్చోండి. ఆ. అయిపోయింది. వినండి. 'లోహిత్, పనుల్లో పడి నీ మెయిళ్ళు చూడలేదు, ఇవాళే చూశాను, ఏమనుకోకు. ఆ రోజు రికార్డులు చెరిపింది నేను, నీ లాగిన్‌లో. నువ్వప్పుడు సీట్లో లేవు. ఇదే మాట మీ కొత్త కంపెనీకీ, మన మేనేజర్‌కీ పంపుతున్నాను.' సరిపోతుందా?"

"మంచిగ రాసిన్రు. మొదటి లైను తీసేయుండ్రి."

"ఎందుకండీ? ఇంత ఒప్పుకున్నాను కదా, ఆ ఒక్కటీ ఉండనివ్వండి. అన్నిసార్లు చదివి కూడా ఊరుకున్నానని వాడికి తెలియక్కర్లేదు."

"మేడం, చందానగర్ నుంచి మీరు దేంట్ల వస్తరు?"

"ఎంఎంటీఎస్‌లో. ఇప్పుడదెందుకు?"

"రైల్ల లాప్‌టాప్ తీస్తరా?"

"భలేవారే, నిలబడ్డానికే చోటుండదు. మెయిళ్ళవీ ఫోన్లోనే..."

"ఆఁ. ఫోన్ల."

"ఫోన్లో చూస్తాను."

"నేను ఎక్స్‌టెన్షన్ పెట్టింది ఈ లాప్‌టాప్ బ్రౌజర్ల."

"ఫోన్లో పనిచెయ్యదా?"

"చెయ్యదు."

"పన్నెండేళ్ళ సర్వీసండీ నాది. ఆమాత్రం..."

"దీపం కిందనే చీకటి మేడం."

"అంటే ఈ రెండు వారాలూ వాడికి..."

"తెలుస్తనే ఉన్నది. పొద్దుగాల నాకు ఫోన్ చేసిండు. 'ముప్పై ఒక్కసారి తెరిచింది అన్నా, పొద్దుగాల రైలు టైముకు, పొద్దుమీకి రైలు టైముకు. అక్క పాణం మంచిగున్నదా?' అని అడిగిండు."

"మరి చూసినట్టు లేరని ఎందుకు రాసేవాడు?"

"నేను గూడ అదే అడిగిన. 'చూసిన్రని రాస్తే అక్క ఇంక దాక్కుంటది అన్నా. చూడలేదంటే, రేపు జవాబియ్యనీకి ఆమెకు మొకముంటది' అన్నడు. మీకు చెప్పొద్దని ఒట్టు గూడ వేయించుకున్నడు. ఒట్టు తప్పిన. మేడం... ఏడ్వకుండ్రి. నాలుగు నలభై అయింది."

"తీసేశాను."

"మొదటి లైనా? ఇప్పుడెట్ల మొదలైతది మరి?"

"'లోహిత్, ముప్పై ఒక్కసార్లు చదివాను.'"