బతికే ఉన్నాను, చెప్పు

హలో… ఆ, నేనే. బతికే ఉన్నాను, చెప్పు.

…

ఆలస్యమా? చెయ్యి తడిగా ఉంది. తుడుచుకుని ఎత్తాను. దానికే అంత కంగారైతే ఎలా… సరే. సరే, మాట్లాడుతూనే ఉంటాను. నువ్వు మీ అక్కవాళ్లింటికి వెళ్లినప్పటి నుంచి ఈ ఫోన్లో ఎంత మాట్లాడానో, పెళ్లయిన దగ్గర్నుంచి నీ ఎదురుగా కూర్చుని అంత మాట్లాడి ఉండను.

…

ఏం మాట్లాడమంటావు మరి? … ఏదైనానా. ఏదైనా అంటే… ఉండు, చూసి చెబుతా.

పొద్దున ఆకాశం మబ్బు పట్టింది. పట్టి, కురవాలా వద్దా అని తేల్చుకోలేక అలాగే నిలబడింది. తూర్పున ఒక్కచోట మాత్రం మబ్బు చిరిగి ఎండ కనబడింది… పాత చొక్కాలోంచి మోచెయ్యి కనబడ్డట్టు. కాసేపే. తరవాత మూసుకుపోయింది.

…

లేదు, ఇంకేం లేదు. ఆకాశం అయిపోయింది.

…

ఆ, ఉన్నా. ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను. అంతలోనే ‘ఉన్నారా, ఉన్నారా’ అంటే నేనేం చెయ్యను.

…

పనా? పని బాగానే ఉంది. కాటా మీదికి లారీ ఎక్కుతుంది, బరువు చూస్తాను, చీటీ ఇస్తాను, లారీ దిగుతుంది. అక్కడ మాటలతో పనేముంది… నిన్న మాత్రం ఒక కంకర లారీ డ్రైవరు చీటీ తీసుకుని కదలకుండా నా మొహంలోకి చూశాడు. ‘మొన్న నాటకంలో శవం నువ్వేనా?’ అన్నాడు. ‘ఆ’ అన్నాను. కిటికీలోంచి చెయ్యి చాపి చెయ్యి కలిపాడు. ‘గొంతు బాగుంది’ అన్నాడు.

…

గొంతే. … శవానికి గొంతేమిటంటే నాకేం తెలుసు. ఏదో అన్నాడులే. అదలా ఉంచు. మేడంగారి సంగతి అడగవేం?

…

బాతుకేం, దర్జాగా ఉంది. నువ్వు వెళ్లిన రోజు సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చుంది. తరవాత లోపలికొచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఇక వీడే గతి అనుకున్నట్టుంది, అప్పటినుంచి నా వెనకే. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి అరుస్తుంది. నేను పలికితే ఊరుకుంటుంది. పలక్కపోతే మళ్లీ అరుస్తుంది. అచ్చం నీలాగే…

…

తిట్టలేదు. పోల్చాను, అంతే.

…

సీరియలా? చూశాను. నువ్వు చూసి చెప్పమన్నావుగా, కుదురుగా కూర్చుని చూశాను. … కోడలు ఇంకా కోమాలోనే ఉంది. … లేవలేదు. ఒక కన్ను తెరిచింది. ప్రకటనలు వచ్చాయి. అవి అయ్యేసరికి మళ్లీ మూసేసుకుంది. అత్త మాత్రం మారింది. … గుణం కాదు, మనిషే మారింది. ఎవరో కొత్తావిడ వస్తోంది. ఇంట్లో ఒక్కడికీ అనుమానం రాలేదు, అందరూ ఆవిణ్ణే అత్తయ్యా అంటున్నారు. మీ అక్కవాళ్లింట్లో ఆ టీవీ మీ బావగారి చేతిలోంచి రాదా? … కుస్తీలా. పొద్దస్తమానమూనా. … పాపం.

ఒక్క మాట చెప్పనా? ఆ కోడలు పిల్లకి కోమా చేతకాదు. పొట్టతో ఊపిరి తీస్తోంది. దుప్పటి లేచి పడడం వీధిలో వాడికి కూడా తెలుస్తుంది. పక్కటెముకల వెనకనుంచి తీసుకోవాలి, దొంగతనంగా, కొంచెం కొంచెం. నాటకం ఆడించే డ్రిల్లు మేష్టారు నాకు మొట్టమొదట నేర్పింది అదే. ముందు వెల్లకిలా పడుకుని, మడమలు వదిలేసి…

…

లేదు. లేదు, ఇప్పుడు పడుకుని లేను. కుర్చీలో ఉన్నా. ఒట్టు. విను, కిర్రుమంటుంది… విన్నావా? చెక్క కుర్చీయే.

…

వంటింటి గుమ్మం దగ్గర బల్బు? మార్చలేదు. నువ్వు స్టూలు ఎక్కొద్దన్నావు, ఎక్కలేదు. గోడ తడుముకుంటూ వెళ్తున్నా. నా వెనక బాతు. బానే ఉంది.

…

మళ్లీ మొదలుపెట్టకు. … అది కాదు… ఏడవకు, మీ అక్క వింటుంది.

చూడు. ఆ నాటకం ఒప్పుకున్నప్పటి నుంచి ఇంట్లో ఎక్కడపడితే అక్కడ చచ్చి పడి ఉన్నది నేను. సోఫా వెనక, మంచం పక్కన, గుమ్మానికి అడ్డంగా. మొదటిసారి నువ్వు కెవ్వుమన్నావు. పక్కింటివాళ్లు వచ్చారు. రెండోసారి చీపురుతో పొడిచి చూశావు. తరవాత్తరవాత నా చుట్టూ ఊడ్చుకుంటూ పోయావు. ఏ పెళ్లామైనా అంతే చేస్తుంది. ఆ రోజు నేను స్టూలు మీంచి జారి, నిజంగానే స్పృహ తప్పానని నీకెలా తెలుస్తుంది? దాటావు. ‘కాళ్లు ముడుచుకోండి’ అన్నావు. టీ గ్లాసుతో తిరిగొస్తూ మళ్లీ దాటావు. అంతేగా. రెండుసార్లు.

…

మూడా?

…

ఇన్నాళ్లూ రెండన్నావు. … బిస్కెట్ల కోసమా. … సరే, మూడు. స్పృహలో లేనివాడికి రెండైతేనేం, మూడైతేనేం.

బాతు కూడా దాటిందిగా. నువ్వే చెప్పావు, నీ వెనకే నా పొట్ట మీద కాలేసి మరీ దాటిందని. మరి అదేమైనా బట్టలు సర్దుకుని వాళ్లక్క ఇంటికి పోయిందా?

…

నవ్వావా? … లేదా. దగ్గా. సరే.

…

నేనే చెప్పాల్సింది. తెలుసు. లేచాను, బొప్పి కట్టిన తలతో వచ్చి నీ పక్కన కూర్చున్నాను, సీరియల్ చూశాను. ఒక్కముక్క చెప్పలేదు. మర్నాడు నా తలకి చెయ్యి తగిలి ‘అమ్మా’ అంటే, బొప్పిని నువ్వే వెతికి పట్టుకున్నావు… ఎందుకు చెప్పలేదంటే, కథ మంచి పట్టులో ఉంది. మధ్యలో ఎందుకు కదిలించడం అని.

…

ఊఁ.

…

‘మళ్లీ ఎప్పుడైనా నిజంగా పడిపోతే, మళ్లీ దాటుకుని పోతానేమో. మీరు నోరు తెరిచి చెప్పరు, నాకు తెలీదు.’ అదేగా నీ భయం. అందుకే ఇంటికి రానంటున్నావు. … తెలుసు. పొద్దునా సాయంత్రం అదే చెబుతున్నావు.

…

ఆ, ఉన్నా.

…

నాటకమా? బాగానే అయింది. నిన్న చెప్పాగా. … ఎవరన్నారు? … మీ అక్కకెవరు చెప్పారు? … మందుల షాపావిడా. నాటకంలో నా భార్య ఆవిడ. భర్త పరువు రెండు రోజులు దాచలేకపోయింది.

ఏమంది? … అంతా చెప్పేసిందా. మరి మళ్లీ నేనెందుకు? … నా నోటితోనే కావాలా.

సరే. కూర్చో. … కూర్చున్నావా?

నాటకంలో నేను తండ్రిని. తెర లేచేసరికే పోయి ఉంటాను. ముగ్గురు కొడుకులు నా చుట్టూ చేరి, నాన్న ఎలాంటివాడు అని పోట్లాడుకోవడమే కథ. నన్ను మోసేవాళ్లది ముందునుంచీ గొడవే, శవం తేలిగ్గా ఉంది, జనం నమ్మరు అని. మేష్టారు ‘ఇంకాస్త బరువుగా చావవయ్యా’ అంటాడు. అదెలాగో తెలీక ఒకరోజు పనిలో కాటా మీద పడుకుని చూశాను. లారీల కాటా కదా, నన్ను మనిషి కింద లెక్కే చెయ్యలేదు. సున్నా చూపించింది.

మొన్న హాల్లో ముందు వరసలో నీకని కుర్చీ ఆపించాను. … రానన్నావు, తెలుసు. అయినా ఆపించాను. తెర లేచాక ఎడమకన్ను ఒక్క వెంట్రుకంత తెరిచి చూశాను. కుర్చీలో మేడంగారు కూర్చుని ఉంది.

…

ఎవరూ ఎక్కించలేదు. నా వెనకాల వచ్చింది, ఖాళీగా ఉంది, కూర్చుంది. టిక్కెట్లు చూసేవాడు అటూ ఇటూ తచ్చాడి, ఆ కూర్చున్న తీరు చూసి అడగలేకపోయాడట.

నేను బాగానే చేశాను. పెద్దకొడుకు నన్ను మొండివాడన్నాడు. రెండోవాడు, ఈయన ఇంట్లో ఉన్నా లేకపోయినా ఒకటే అన్నాడు. మూడోవాడు ఏదో అనాలి, మరిచిపోయి ‘అవును’ అన్నాడు. దోమొచ్చి ముక్కు మీద కూర్చుంది. కుట్టింది, తాగింది, నిదానంగా లేచి వెళ్లింది. నేను కదల్లేదు.

చివరి సీనులో మందుల షాపావిడ నా మీద పడి ఏడవాలి. ఏడ్చింది. ఏ మాటకామాటే, బాగా ఏడ్చింది. నా గుండెల మీద గుద్ది ‘మాట్లాడండి, ఒక్కసారి మాట్లాడండి’ అంది. అంతవరకు రాసిన మాటలే, నేను గట్టిగానే ఉన్నా. ఆ ఏడుపులో ఆవిడకి ఇంకా ఏదో తన్నుకొచ్చింది. రాయనిది. ‘ఉన్నారా… అసలు ఉన్నారా?’ అంది.

…

ఆ.

‘ఆ, ఉన్నా’ అన్నాను.

…

ఏం చెయ్యను? నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి అదే అడుగుతున్నావు, నేను అదే చెబుతున్నాను. నోటికి అలవాటైపోయింది. నేను చచ్చిపోయిన సంగతి దానికి గుర్తులేదు.

…

ఆవిడ ఏడుపు సగంలో ఆపి ‘ఏమిటండీ?’ అంది. కొడుకులు ముగ్గురూ వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నారు. అది అట్టగోడ, కొంచెం ఊగింది. పెద్దాడు ‘నాన్నా, ఇందాక ఊరికే అన్నాను’ అన్నాడు. తెర పక్కనుంచి డ్రిల్లు మేష్టారు ‘చావు, చావు’ అంటున్నాడు. ఆయన గుసగుస నీకు తెలుసుగా, మైదానం అవతలికి వినబడుతుంది. పోయిన మనిషి బతికొస్తే చావు చావు అనేది ఎవడా అని జనం అందరూ అటు తిరిగారు.

చచ్చాను. ఇంకేం చేస్తాను, మెడ వాల్చేశాను. డాక్టరు వేషం సైకిల్ షాపతనిది. అతని సీను మొదట్లోనే అయిపోయింది, మీసం పీకేసుకుని టీ తాగుతున్నాడు. గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి తీసుకుని, ట్యూబులో గాలి చూసినట్టు నొక్కి చూసి, ‘ఇందాక తొందరపడ్డాను. ఇప్పుడు పోయారు’ అన్నాడు.

…

నవ్వు. పర్లేదు, నవ్వు. … అక్కకి కూడా చెబుదువుగాని, ముందు ఊపిరి పీల్చుకో.

…

చప్పట్లే. లేచి నిలబడి కొట్టారు. కొందరు ఏడ్చారు కూడాను. పెళ్లాం పిలిస్తే పలకడానికే ఆగాడు పాపం, అన్నారట. బాతు మాత్రం చప్పట్లకి బెదిరి స్టేజీ ఎక్కింది. నేను చచ్చి ఉన్నాను గనక పట్టుకోవడానికి లేదు. అలవాటు ప్రకారం నా పొట్ట మీంచి దాటుకుని అటువైపు దిగిపోయింది.

…

మేష్టారా? వేషం పీకేశాడు. వచ్చేవారం పక్క ఊళ్లో ఆటకి నా బదులు పొడుగాటి దిండు పెట్టి దుప్పటి కప్పుతాడట. దిండు ఎవరేమడిగినా జవాబు చెప్పదు అన్నాడు.

…

బాధేం లేదు. … కొంచెం. … బాగా చేసేవాణ్ణి. చీపురుతో పొడిచినా కదలనివాణ్ణి, నీకు తెలుసుగా.

అది చెబుదామనే చూస్తున్నా. ఇక ఇంట్లో చావడాలు లేవు. ఇకమీదట నేను కింద పడి ఉంటే పడ్డట్టే. నువ్వు ఇంకేం ఆలోచించక్కర్లేదు, నీళ్లు చల్లేయడమే.

…

రమ్మనడం లేదు. సంగతి చెబుతున్నా. … అనాలా? … అంటే వస్తావా?

…

రా.

…

ఆలోచించుకో. అడిగావని అన్నాను. … ఏమిటి? … వేషం సంగతి కాదా. మరి?

…

ఊఁ. … ఊఁ. … అన్నం తినేటప్పుడా?

…

అప్పుడు మాట్లాడలేను. పొలమారుతుంది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. … నా మొహం చూస్తూ, నమిలే దవడ ఆగుతుందేమోనని చూస్తూ కూర్చుంటావా? ఎప్పట్నుంచి? … నాకెలా తెలుస్తుంది, నేను కంచంలోకి చూస్తాను.

…

మాట్లాడతానని ఒట్టు పెట్టను. పెడితే అబద్ధమవుతుంది. ఇంతసేపు మాట్లాడాను, నాకిప్పుడే నీరసం వచ్చింది.

నువ్వు తిన్నావా? … నేనూ తినలేదు. అన్నం దించాను, గుడ్డు ఉడికింది. మేడంగారు పెట్టిందే. అయితే ఒక పని చెయ్. కంచం తెచ్చుకో. నేనూ తెచ్చుకుంటా. ఫోను కంచం పక్కన పెట్టుకుందాం, ఇద్దరం. తింటాను, మాట్లాడను. నువ్వు ‘ఉన్నారా’ అనకూడదు. తిన్నంతసేపు నీకు భయం లేకుండా గడిచిందనుకో… గడవకపోతే ఉండిపో, నేను రమ్మనను.

…

మీ అక్క ఏమంటోంది? … పిచ్చా. అననీ. మీ బావగారిని కుస్తీల గొంతు తగ్గించమను.

…

తెచ్చుకున్నావా? … నేనూ. ఇదిగో, పెట్టాను.

…

…

…

…

ఇదిగో…

ఉన్నావా?

…

ఏం లేదు. చప్పుడు లేకపోతేను.

…

నవ్వకు. తిను.

…

…

…